పచ్చికకు మంచినీళ్లెందుకు?

ఈద్ మరునాడు, మూడవనాడు మన కుటుంబాలు ఎక్కడికి వెళతాయో వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదులో అయితే బాగె ఆమ్, జూపార్కు, గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల తోట. బెంగుళూరులో స్థిరపడినవారికి లాల్‌బాగ్. డబ్బాల్లో బిర్యానీ, మిగిలిన షీర్ ఖుర్మా, దస్తర్‌ఖాన్‌గా పరచుకోవడానికి ఒక పాత దుప్పటి. పిల్లలు పచ్చిక మీద పరుగులు తీస్తుంటే పెద్దలు చెట్టునీడన చేరగిలబడతారు. వెళ్లేటప్పుడు అందరూ తోట బాగుందనే అంటారు. ఈ పచ్చికకు ఏ నీళ్లు పోస్తున్నారని అడిగినవారిని మాత్రం మేము ఇన్నేళ్లలో ఒక్కరినీ చూడలేదు.

మా విద్యార్థులచేత చేయించే ఒక చిన్న లెక్కను పాఠకుల ముందు ఉంచుతాము. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దక్కను ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో గడ్డి వాడిపోకుండా ఉండాలంటే రోజుకు కనీసం 5 మిల్లీమీటర్ల మందాన నీరు అందాలి. గుణించి చూస్తే 20 వేల లీటర్ల పైమాటే. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. హైదరాబాదులో 2021 జనవరిలో ఉచిత మంచినీటి పథకం మొదలైనప్పుడు ఒక ఇంటికి నెలకు లెక్కగట్టినది సరిగ్గా 20 వేల లీటర్లే. ఒక కుటుంబం నెల పొడుగునా వాడుకునే నీటిని ఒక ఎకరం పచ్చిక ఒక్కరోజులో తాగేస్తుందన్నమాట. మరోవిధంగా చెప్పాలంటే, నగరవాసికి రోజుకు 135 లీటర్లు కావాలన్న ప్రభుత్వ ప్రమాణం ప్రకారం అది దాదాపు 150 మందికి ఒకరోజు నీరు. పెద్ద పార్కుల్లో పచ్చిక ఒక ఎకరం కాదు, పదులకొద్దీ ఎకరాలు ఉంటుంది.

ఆ నీరు ఎంత దూరం నుండి వస్తున్నదో కూడా చూడాలి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) ఒకప్పుడు హైదరాబాదు దాహం తీర్చాయి. నగరం పెరిగి ఆ నీళ్లు చాలక మంజీరాకు వెళ్లారు. 2004 నుండి నాగార్జునసాగర్ కృష్ణా నీళ్లు, 2015 నుండి ఎల్లంపల్లి గోదావరి నీళ్లు వందకు పైగా కిలోమీటర్లు గొట్టాల్లో ప్రయాణించి, మధ్యలో పంపులతో ఎత్తిపోయబడి, శుద్ధిచేయబడి, క్లోరిన్ కలుపబడి మన నల్లాకు చేరుతున్నాయి. బెంగుళూరు పరిస్థితి ఇంకా కష్టం. కావేరి నీటిని దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుండి తేవడమే కాక సుమారు 500 మీటర్ల ఎత్తుకు తోడాలి. ఇంత కరెంటు, ఇంత డబ్బు ఖర్చుపెట్టి తెచ్చి, మనిషి తాగడానికి యోగ్యంగా చేసిన నీటిని గడ్డి మీద చిమ్ముతున్నాం. గడ్డికి క్లోరిన్ కలిపిన నీరు కావాలని ఎవరు చెప్పారు?

"పార్కుల్లో వాడేది నల్లా నీరు కాదు, బోరు నీరే" అని కొందరు అధికారులు సమాధానమిస్తారు. చాలాచోట్ల అది నిజమే. కాని బోరు నీరు ఎవరిది? పార్కులో 800 అడుగుల లోతునుండి రాత్రీపగలూ తోడితే పక్క గల్లీల్లోని 200 అడుగుల బోర్లు ఎండుతాయి. అక్కడివారు మళ్లీ ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టవలసిందే. ఒక నగరంలోని ఒక పెద్ద పార్కులో వేసవిలో మేము చూశాము. సరిగ్గా జుహర్ వేళ, ఎండ నడినెత్తిన ఉండగా పచ్చిక మీద నీళ్లు చిమ్ముతున్నారు. కొంత గాలిలోనే ఆవిరైపోతున్నది, కొంత సిమెంటు బాట మీద పడి పారుతున్నది. అదే పార్కు వెనుకగేటు అవతల బస్తీ స్త్రీలు బిందెలతో నిలబడి ఉన్నారు. మధ్యనున్నది ఒక్క ఇనుప కంచె.

2024 వేసవిలో బెంగుళూరు అనుభవించినది చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ముఖ్యమంత్రే ప్రకటించారు. మార్చి నెలలో, రంజాన్ చంద్రదర్శనానికి కొద్దిరోజుల ముందు, అక్కడి జలమండలి ఒక ఉత్తర్వు జారీచేసింది. తోటలకు, వాహనాలు కడగడానికి, కట్టడాలకు, ఫౌంటెన్లకు మంచినీరు వాడితే 5 వేల రూపాయల జరిమానా. ఆ ఏడు ఎందరో సహరీకి, ఇఫ్తార్‌కు ట్యాంకరు నీళ్లే కొనుక్కున్నారు. నిండుగా నీళ్లున్నప్పుడు రావలసిన నియమం బావులు ఎండాక వచ్చిందని మా బాధ. అయినా రావడమే మేలు.

ఆ నగరంలోనే దీనికి ఒక మంచి దారి కూడా ఉన్నది. 1760లో హైదర్ అలీ లాల్‌బాగ్‌కు పునాది వేశాడు. టిప్పు సుల్తాన్ దూరదేశాలనుండి మొక్కలు తెప్పించి దానిని పెంచాడు. ఇప్పుడది సుమారు 240 ఎకరాల తోట. తోటలోనే ఒక చెరువు ఉన్నది. అది ఊరికే అందం కోసం పెట్టుకున్నది కాదు. వాననీరు పట్టి ఉంచుకోవడానికి చోటులేకుండా ఆ కాలంలో ఎవరూ తోట వేసేవారు కారు. తర్వాత నగరం పెరిగి, చెరువు నీరు చాలనప్పుడు, జలమండలి లాల్‌బాగ్‌లోను, కబ్బన్ పార్కులోను మురుగునీటి శుద్ధి కేంద్రాలు కట్టింది. ఒక్కొక్కటి రోజుకు 15 లక్షల లీటర్ల సామర్థ్యం గలది. చుట్టుపక్కల ఇళ్లనుండి కాలువల్లో పోయే నీటిని మళ్లించి, మడ్డిని అడుగుకు దించి, గాలి ఊది, సూక్ష్మజీవులచేత మాలిన్యాన్ని తినిపించి, మళ్లీ వడగట్టి, క్రిములను చంపి, ఆ నీటిని చెట్లకు పెడతారు. మన లెక్క ప్రకారం 15 లక్షల లీటర్లంటే 11 వేల మంది ఒకరోజు వాడుకునే నీరు. అంత కావేరి నీరు మనుషులకు మిగులుతుంది.

ఇంత సులువైన ఉపాయం మన పార్కులన్నింటిలో ఎందుకు లేదు? డబ్బు ఒక కారణం, అధికారుల అలసత్వం మరొకటి. మూడవది మాత్రం మన మనసులో ఉన్నది. "మురుగునీళ్లు పోసిన గడ్డి మీద పిల్లలు ఆడుకోవాలా? దాని మీద మగ్రిబ్ నమాజు ఎలా చేస్తాం?" శుద్ధి చేసిన నీటి సంగతి మేము ఎక్కడ ఎత్తినా ఈ ప్రశ్న వస్తుంది, ముఖ్యంగా ఇంట్లో పెద్దవారినుండి. ఈ ప్రశ్నను చిన్నచూపు చూడకూడదు. పాక్, నాపాక్ పట్టింపు మన జీవితంలో భాగం. కనుక ధర్మశాస్త్రం ఏమంటున్నదో చూద్దాం.

నీటి శుద్ధతకు ఫిఖహ్ గ్రంథాలు చెప్పే గుర్తులు మూడు: రంగు, రుచి, వాసన. అపరిశుభ్రత కలిసి ఈ మూడింటిలో ఏది మారినా ఆ నీరు నజిస్. మరి ఆ మార్పు పూర్తిగా తొలగిపోతే? సౌదీ అరేబియాలోని అగ్ర ఉలమాల మండలి 1978లో, అంటే హిజ్రీ 1398లో, సరిగ్గా ఈ విషయం మీదనే నిపుణులను సంప్రదించి తీర్పు ఇచ్చింది. ఆధునిక పద్ధతుల్లో మురుగునీటినుండి మాలిన్యాన్ని సంపూర్ణంగా తొలగించి, రంగు, రుచి, వాసనల్లో దాని జాడ లేకుండా చేస్తే ఆ నీరు పాక్ అవుతుందని, దానితో వజూ కూడా చేయవచ్చునని ఆ తీర్పు సారాంశం. ఆరోగ్యానికి హాని కలిగేటట్లయితే తాగడానికి వాడకూడదని కూడా ఉలమాలు చెప్పారు. అంటే వారు అనుమతిచ్చి ఊరుకోలేదు, జాగ్రత్త కూడా చెప్పారు.

పార్కుకు వచ్చే నీరు అంత నిక్కంగా శుద్ధి కాలేదేమో అనే సందేహం ఉండవచ్చు. ఉండవలసిందే. అక్కడ హనఫీ ఫిఖహ్‌లోని మరొక సూత్రం పనికివస్తుంది. నేల మీద అపరిశుభ్రత పడి, అది ఎండిపోయి, దాని ఆనవాలు, వాసన లేకుండా పోతే ఆ నేల నమాజుకు పాక్ అవుతుంది. తయమ్ముమ్‌కు మాత్రం ఆ మట్టి పనికిరాదు. మదర్సాలో చిన్న తరగతుల్లోనే చెప్పే మస్‌అలా ఇది. మీద జానమాజు పరచుకుంటే ఇక వస్‌వసాకు చోటేది? పొలంలో పెంటపోగు ఎరువు వేసి పండించిన గోధుమతో చేసిన రొట్టె మనం తింటూనే ఉన్నాం కదా. ఎవరికైనా మనసు ఒప్పుకోకపోతే తమ ఊరి ముఫ్తీగారిని అడగవచ్చును, అంతేకాని తోట మొత్తానికి తాగేనీరే పోయించాలనడం సబబు కాదు.

గల్ఫ్‌లో పనిచేస్తున్న మన సోదరులకు ఇది కొత్త సంగతి కాదు. సముద్రపు ఉప్పునీటిని శుద్ధిచేసి తాగే దేశాలవి. అక్కడ మంచినీరు పచ్చికకు పోయడానికి ఎవరి ప్రాణం ఒప్పుతుంది? రోడ్ల పక్కన, పార్కుల్లో చెట్లకు వెళ్లేది శుద్ధిచేసిన మురుగునీరే. "తాగరాదు" అని అరబ్బీలో బోర్డులు చూసే ఉంటారు. సెలవుమీద వచ్చినప్పుడు ఇంట్లో పెద్దలకు ఆ విషయం వారు చెబితే మా వ్యాసంకంటే ఎక్కువ పనిచేస్తుంది. అమెరికాలో ఇటువంటి నీటి గొట్టాలకు ఊదారంగు వేస్తారు, మంచినీటి గొట్టంతో పొరపాటున కలపకుండా. మన పార్కుల్లో ఈ పద్ధతి పెట్టేటప్పుడు ఆ రంగు, ఆ బోర్డు తప్పనిసరి. పిల్లలు గొట్టానికి నోరు పెట్టి తాగుతారు. ఆ నీటిని జనంలేని వేళ, రాత్రి పార్కు మూసిన తర్వాత పెట్టాలి. పొద్దుటికి నేల ఆరుతుంది, ఆవిరయ్యేదీ తక్కువ.

శుద్ధి కేంద్రం కట్టడానికి డబ్బులేదనేవారు గోల్కొండకు వెళ్లి చూడాలి. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణం సుమారు 106 ఎకరాలు. సుల్తానులు తమ సమాధుల చుట్టూ తోటలు వేసినప్పుడు వాటికి నీటికోసం బావులు తవ్వించారు. మెట్లబావులు, అంటే మన వాడుకలో బావలీలు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోక అవి పూడిపోయాయి, బడీ బావలీ గోడ ఒకవైపు కూలిపోయింది. 2013 నుండి రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి ఆగాఖాన్ సంస్థ అక్కడ పని మొదలుపెట్టి, పూడిక తీసి, రాయిరాయి పేర్చి ఆరు బావలీలను బాగుచేసింది. వానకాలంలో ప్రాంగణం మీద పడిన నీరు వాలు వెంబడి వచ్చి వాటిలో చేరుతుంది. తోటకు ఆ నీరే ఉపయోగపడుతున్నది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఈ బావులకు ప్రత్యేక గుర్తింపు లభించింది. పురస్కారం సంగతి అటుంచండి. నాలుగువందల ఏళ్ల క్రితం కట్టినవారు తోటకంటే ముందు నీటి సంగతి ఆలోచించారు. మనం తోట వేసి, రిబ్బను కత్తిరించి, ఆ తర్వాత నీళ్లకోసం జలమండలికి దరఖాస్తు పెడుతున్నాం.

ఇంకొక మాట. పార్కు అనగానే పరచిన తివాచీలాంటి గడ్డి ఉండాలనే మోజు మనకు ఎక్కడినుండి వచ్చిందో కాని, అది మన ఎండలకు సరిపడనిది. వేప, చింత, కానుగ ఒకసారి వేళ్లూనుకుంటే వేసవిలో కూడా దాదాపుగా మన నీళ్లడగవు. నీడ కూడా అవే ఇస్తాయి. కూర్చునేచోట, పిల్లలు ఆడేచోట గడ్డి ఉంటే చాలు. మిగిలినచోట చెట్లు, చెట్ల కింద రాలిన ఆకులు. ఆ ఆకులను ఊడ్చి తగులబెట్టే బదులు మొదళ్లలో పరిస్తే నేల తడి ఆరదు. చెబితే నవ్వుతారు కాని, నీళ్లు ఆదాచేయడంలో చీపురుకు కూడా పాత్ర ఉన్నది.

ఇక పార్కులో మనుషులు తాగే నీళ్లు. తండ్రి పేరున, తల్లి పేరున సదఖయె జారియాగా పార్కు గేటు దగ్గర, మసీదు దగ్గర చల్లని నీళ్ల యంత్రం పెట్టించేవారు మనలో ఎందరో ఉన్నారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలమిచ్చుగాక. పెట్టించిన తర్వాత నెలకొకసారి వెళ్లి చూసేవారు తక్కువ. సెకనుకు ఒక చుక్క కారే నల్లానుండి రోజుకు 4 లీటర్ల పైన పోతుంది. దాతలు ఒక వాషరు మార్పించే ఏర్పాటు కూడా చేస్తే బాగుండును. నీటిని వడపోసే ఆర్.ఓ. యంత్రం అయితే మరొక సంగతి తెలుసుకోవాలి. ఒక లీటరు మంచినీళ్లకు అది రెండు మూడు లీటర్లు కాలువలోకి వదులుతుంది. ఆ నీటిలో లవణాలు ఎక్కువ, రోజూ మొక్కలకు పోస్తే నేల చెడుతుంది. పాయిఖానాలు కడగడానికి మాత్రం చక్కగా పనికివస్తుంది. దానికొక డ్రమ్ము పెడితే చాలు. సగం తాగి విసిరేసే సీసాల సంగతి తల్లులు చూసుకోవాలి. పిల్లవాడు మిగిల్చిన నీళ్లు దగ్గరలోని మొక్కకు పోయించండి.

చివరగా మనకు అన్నింటికంటే దగ్గరిది ఒకటున్నది. బాగె ఆమ్‌లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కట్టించిన షాహీ మసీదు ఉన్నది. పార్కు లోపలో, గోడ పక్కనో మసీదు ఉన్న ఊళ్లు మన రాష్ట్రాల్లో ఎన్నో. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వజూ చేసేవారని హదీసుల్లో ఉన్నది. ముద్ అంటే లీటరులో మూడింట రెండువంతులు. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా నీటిని వృథా చేయరాదన్న హదీసు ఖుత్బాలో ఎన్నిసార్లు వినలేదు? విని, బయటికి వచ్చి, మస్‌హ్ చేస్తున్నంతసేపూ నల్లా వదిలేస్తాం. నిమిషానికి 6 లీటర్లు వచ్చే నల్లా రెండు నిమిషాలు తెరిచి ఉంచితే 12 లీటర్లు.

పొదుపుగా 5 లీటర్లే అనుకుందాం. జుమాకు వెయ్యిమంది వజూ చేస్తే 5 వేల లీటర్లు, అంటే ఒక పూర్తి ట్యాంకరు. అది ప్రస్తుతం ఎటు పోతున్నది? మురుగు కాలువలోకి. వజూ చేసిన నీటిని మాయె ముస్తఅమల్ అంటారు. హనఫీ ఫిఖహ్‌లో అది తాహిర్, అనగా తాను పాక్ అయినదే. దానితో మళ్లీ వజూ చేయడానికి మాత్రం పనికిరాదు. చెట్లకు పోయడానికి అయితే ఏ ఆక్షేపణా లేదు. ఇందులో మురుగు లేదు, మలినం లేదు. కావలసిందల్లా వజూఖానా కాలువను పాయిఖానా కాలువనుండి వేరుచేయడం, ఒక చిన్న గుంటలో ఇసుక, కంకర వేసి వెంట్రుకలూ మట్టీ ఆగేటట్లు చేయడం, అక్కడినుండి ఒక గొట్టం పార్కు తొట్టెకు. కమిటీవారు ఒక మేస్త్రీని, పార్కు మాలీని కూర్చోబెట్టి మాట్లాడితే రెండుమూడు జుమాల్లో అయ్యే పని. వజూఖానాలో సబ్బు వాడేవారుంటే దానికి వేరే నల్లా చూపించాలి. తొట్టెకు గట్టి మూత ఉండాలి, నీటిని రెండురోజుల్లో వాడేయాలి. లేకపోతే దోమలు చేరి, డెంగ్యూ వచ్చిందని పక్క ఇళ్లవారు మసీదు మీదకు వస్తారు.